తక్కువ నాయిస్, ఎక్కువ వేగం: డిజిటల్ ఎక్స్-రే శోధకాల రూపకల్పన

ఈ భాగం చదివిన తరువాత మీరు డిజిటల్ ఎక్స్-రే శోధకం (డిటెక్టర్) పనిచేసే తీరును, అందులో నాయిస్‌కు కారణాలను, వేగానికీ నాయిస్‌కూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.

1. శోధకం నిర్మాణం

1895లో రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను కనుగొన్న తరువాత చాలాకాలం ఫిల్మే వాటిని నమోదు చేసింది. నేటి ఫలక శోధకాల్లో ఎక్కువ వాటిలో సీజియం అయొడైడ్ పొర ఉంటుంది. ఒక్క ఎక్స్-రే ఫోటాన్ ఇందులో శోషణం చెందితే వేల సంఖ్యలో కాంతి ఫోటాన్లు వెలువడతాయి. కింద ఉన్న అస్ఫటిక సిలికాన్ ఫోటోడయోడ్లు ఆ కాంతిని విద్యుదావేశంగా మారుస్తాయి. ప్రతి పిక్సెల్‌లోని ట్రాన్సిస్టర్ స్విచ్‌లా పనిచేసి, ఆ ఆవేశాన్ని ఫలకం అంచున ఉన్న ఆంప్లిఫైయర్‌కు పంపుతుంది.

2. నాయిస్ ఎక్కడిది?

నాయిస్ ప్రధానంగా రెండు రకాలు. ఫోటాన్లు యాదృచ్ఛికంగా వచ్చి పడతాయి కాబట్టి, సగటున N ఫోటాన్లు పడేచోట √N హెచ్చుతగ్గు తప్పదు. ఇది క్వాంటం నాయిస్. ఎక్స్-కిరణాలు లేకపోయినా వలయంలో ఉండేది ఎలక్ట్రానిక్ నాయిస్.

అద్దంకి ప్రాంతంలో మిర్చి తూకం చూసినవారికి ఈ రెండో రకం సులభంగా బోధపడుతుంది. కాటా ముల్లు వంద గ్రాములు అటూ ఇటూ ఊగినా, నలభై కిలోల టిక్కీ తూకంలో అది లెక్కలోకి రాదు. అదే కాటా మీద పావుకిలో కాయలు తూస్తే, ఆ ఊగడమే తూకాన్ని చెడగొడుతుంది.

ఎలక్ట్రానిక్ నాయిస్ 5 ఫోటాన్లకు సమానం అనుకుందాం. పిక్సెల్‌పై 2500 ఫోటాన్లు పడితే క్వాంటం నాయిస్ 50. రెండూ కలిపితే √(2500+25), అంటే సుమారు 50.2. తేడా దాదాపు లేదు. 25 ఫోటాన్లే పడితే మొత్తం నాయిస్ √(25+25), అంటే 7.1. సంకేతానికీ నాయిస్‌కూ ఉండవలసిన నిష్పత్తి 5, వచ్చినది 3.5. మళ్లీ 5 రావాలంటే సుమారు 40 ఫోటాన్లు కావాలి. అంటే శోధకం లోపానికి రోగి శరీరం 60 శాతం అదనపు వికిరణం భరించాలి.

3. వేగం ఎందుకు కష్టం?

ఛాతీ ఎక్స్-రేకు ఒక్క చిత్రం చాలు. అద్దంకి నుంచి ఒంగోలుకో గుంటూరుకో వెళ్లి గుండె రక్తనాళాల పరీక్ష చేయించుకునే రోగికి మాత్రం సెకనుకు పలు చిత్రాలు తీయాలి. సెకనుకు 30 తీస్తే ఒక్కో చిత్రానికి దక్కేది 33 మిల్లీసెకన్లే. ఒక్కో చిత్రానికి మోతాదునూ బాగా తగ్గించాలి. వేగంగా చదవాలంటే ఆంప్లిఫైయర్ ఎక్కువ పౌనఃపున్యాలను అనుమతించాలి. వాటితోపాటు నాయిస్ కూడా లోపలికి వస్తుంది. పైగా అస్ఫటిక సిలికాన్‌లో చిక్కుకున్న ఆవేశం ఆలస్యంగా విడుదలై, పాత చిత్రం నీడను కొత్త చిత్రంపై వేస్తుంది.

4. పరిష్కార మార్గాలు

సీమాస్ శోధకాల్లో ప్రతి పిక్సెల్‌లోనే ఆంప్లిఫైయర్ ఉంటుంది. కాబట్టి బలహీన సంకేతం పొడవైన తీగ వెంట ప్రయాణించకముందే బలపడుతుంది. పిక్సెల్‌ను ఖాళీ చేసిన వెంటనే ఒకసారి, కిరణాలు పడ్డాక మరోసారి కొలిచి తీసివేస్తే, రెండింటిలోనూ ఉన్న దోషం పోతుంది. అయితే ఇలా తొలగేది ఎలక్ట్రానిక్ నాయిస్ మాత్రమే. క్వాంటం నాయిస్‌ను ఏ వలయమూ తొలగించలేదు. పడిన ఫోటాన్లను వృథా పోనీయకుండా పట్టుకోవడమే మార్గం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ఎలక్ట్రానిక్ నాయిస్ 3 ఫోటాన్లకు తగ్గితే, 25 ఫోటాన్ల వద్ద సంకేత-నాయిస్ నిష్పత్తి ఎంత?
2. సీజియం అయొడైడ్ పొరను మందంగా చేస్తే లాభం ఏమిటి? చిత్రం స్పష్టతకు కలిగే నష్టం ఏమిటి?