ట్రాక్టరు బ్యాటరీకి చేతితో విడదీయు కనెక్టరు – అమర్చుకొను విధము



కాలువకు నీరు వదలిన పిమ్మట దమ్ముల పనిలో ట్రాక్టరు ఒక్కరోజు నిలిచిపోయినను ఆ నష్టమెంతటిదో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. నిరుడు నేను పనిచేయు ప్రాంతమున ఒక రైతుకు ఇట్టి చిక్కే వచ్చినది. తాళము త్రిప్పగా ఇంజను తిరుగక ‘టక్’ మను చప్పుడు మాత్రమే వచ్చెడిది. బ్యాటరీ చెడినదని తలచి ఆయన క్రొత్తది కొని బిగించెను. అయినను ఫలితము లేకపోయెను. మూడవనాడు పరిశీలింపగా లోపము బ్యాటరీలో గాక, కొద్ది నెలల ముందు అమర్చిన కనెక్టరులో ఉన్నట్లు తేలినది. కేబులు కొసను అందులోని గొట్టములో దూర్చి సుత్తితో కొట్టి బిగించియుండిరి. పైకి గట్టిగానే కనబడినను లోపల రాగి పోగులు సగము వదులుగా నుండెను. వేడికి పైనున్న ప్లాస్టిక్ పెట్టె ఒకవైపు మెత్తబడియుండెను. పంట కోసిన పిమ్మట గడ్డి తోలునది ఆ ట్రాక్టరే. అంతవరకు ఎవరును గమనింపకున్న ఏమి జరిగెడిదో ఊహింపుడు.

కనెక్టరు మంచి సాధనమే. దానిని బిగించుటలోనే మంచిచెడ్డలున్నవి. ఆ పద్ధతిని ఇచట వివరించెదను.

కనెక్టరు వలన ప్రయోజనమేమి?

బ్యాటరీ కేబుళ్లను మధ్యలో కోసి, రెండు కొసలకును చెరియొక సగము అమర్చెదరు. ఈ రెండు సగములును ఒకే ఆకారము గలవి. వీనిని ఎదురెదురుగా నొక్కినచో కలియును, పట్టి లాగినచో విడిపోవును. స్పానరుతో పని లేదు. పనులు లేని నెలలలో బ్యాటరీని విడదీసి ఉంచవచ్చును. ఛార్జింగుకు తీసికొని పోవుట సులభము. మరమ్మతు చేయునపుడు విద్యుత్తు పూర్తిగా తెగిపోవును గనుక ప్రమాదముండదు. ఇంజను ఆగియున్నపుడు ఏ వైరు అయినను కాలు వాసన వచ్చినచో క్షణములో బ్యాటరీని వేరుచేయవచ్చును.

అతుకు వదులైనచో ఏమగును?

ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులది. స్టార్టరు మోటారు ఇంజనును త్రిప్పునపుడు 200 నుండి 400 ఆంపియర్ల వరకు, పెద్ద ఇంజనయినచో అంతకు మించియు విద్యుత్తు తీసికొనును. అతుకులో అవరోధము ఓములో వెయ్యింట ఐదు వంతులు మాత్రమే ఉన్నదనుకొనుడు. 200 ఆంపియర్లు ప్రవహించునపుడు ఆ ఒక్కచోటనే 1 వోల్టు నష్టమగును, 200 వాట్ల వేడి పుట్టును. అనగా 100 వాట్ల బల్బులు రెండింటికి చాలు శక్తి బొటనవ్రేలంత లోహపు గొట్టములో వేడిగా మారును. ఇంజను తిరుగకపోవుటకును, ప్లాస్టిక్ కరగుటకును కారణమిదియే.

కొనునపుడు గమనింపవలసినవి

కనెక్టరు మీద వ్రాసియున్న ఆంపియర్లు ఎడతెగక ప్రవహించు విద్యుత్తుకు సంబంధించినవి. స్టార్టరు కొద్ది సెకనులు మాత్రమే నడచును గనుక, సాధారణ ట్రాక్టరుకు 175 ఆంపియర్ల రకము సరిపోవును. పెద్ద ఇంజనుకు 350 ఆంపియర్లది మేలు. ధర తక్కువ గదా యని 50 ఆంపియర్లది కొనరాదు. రెండు సగములును ఒకే రంగువి తీసికొనుడు. వేర్వేరు వోల్టేజీలు పొరపాటున కలియకుండుటకై వేర్వేరు రంగులవి ఒకదానితో నొకటి కలియకుండునట్లు చేయుదురు. కేబులు స్వచ్ఛమైన రాగిదై యుండవలెను. రాగిపూత పూసిన అల్యూమినియము పనికిరాదు. కనెక్టరులోని గొట్టము మీ కేబులు లావునకు సరిపోవునదై యుండవలెను. గొట్టము పెద్దదైనదని పోగులను మడిచి దూర్చుటగాని, చిన్నదైనదని కొన్ని పోగులను కోసివేయుటగాని చేయరాదు.

అమర్చు విధము

1. ఇంజను ఆపి, తాళము తీసి, బ్రేకు వేయుడు. చేతి ఉంగరము, కడియము, గడియారము తీసివేయుడు. ఛార్జి అగునపుడు బ్యాటరీ నుండి ఉదజని (హైడ్రోజను) వాయువు వచ్చును. అది నిప్పురవ్వకు ప్రేలును. కావున బీడీ, చుట్ట, దీపము దగ్గరకు రానీయరాదు. బ్యాటరీలోనిది గంధకికామ్లము. కంటి అద్దములు పెట్టుకొనుడు, బక్కెట్టుతో నీరు దగ్గర ఉంచుకొనుడు.

2. ముందుగా మైనస్ కొసను, తరువాత ప్లస్ కొసను బ్యాటరీ నుండి విప్పుడు. మైనస్ కొస ట్రాక్టరు ఇనుపభాగమునకు కలిసియుండును. ప్లస్‌ను ముందు విప్పబోయినచో స్పానరు ఇనుమునకు తగిలి మంట పుట్టవచ్చును.

3. చేతికి అందునట్లును, పొగగొట్టమునకు, ఫ్యానునకు, డీజిలు గొట్టములకు దూరముగాను ఉండు చోటు చూచి కేబుళ్లను కోయుడు.

4. గొట్టము లోతుకంటె ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువగా కేబులు పైతొడుగు ఒలువుడు. ఒక్క పోగు కూడ తెగరాదు. రాగి నల్లబడియున్నచో, మెరయు రాగి కనబడువరకు వెనుకకు కోయుడు.

5. పోగులన్నియు గొట్టము అడుగు వరకు పోవునట్లు దూర్చి, ఆ కొలతకు తగిన అచ్చు వేసిన హైడ్రాలిక్ క్రింపింగు పనిముట్టుతో నొక్కించుడు. ఈ పనికి సుత్తి, ఉలి, పట్టకారు పనికిరావు. నొక్కిన పిమ్మట బలముగా లాగి చూడుడు. ఏమాత్రము కదలినను కోసివేసి మరల చేయుడు.

6. పెట్టెపై గల ప్లస్, మైనస్ గుర్తులు చూచి, గొట్టములను ‘క్లిక్’ మని పట్టువరకు లోనికి నెట్టుడు. రెండు సగములను ఎదురెదురుగా నుంచినపుడు ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ రావలెను.

7. సగములను కలుపకయే బ్యాటరీకి ముందు ప్లస్, చివర మైనస్ బిగించుడు. కనెక్టరు నోటి వద్ద మల్టీమీటరుతో ప్లస్, మైనస్ సరిగా ఉన్నవో లేదో చూచి, ఆ తరువాతనే కలుపుడు. ఇచట తారుమారైనచో ఆల్టర్నేటరు కాలిపోవును.

8. కేబులు బరువు కనెక్టరుపై పడకుండ రెండు ప్రక్కల క్లిప్పులు వేయుడు. ఇనుప అంచునకు రాచుకొను చోట రబ్బరు తొడుగు తప్పనిసరి. విడదీసి ఉంచునపుడు బురద, నీరు చేరకుండ మూత పెట్టుడు.

పరీక్షించుట

పని ముగిసినదని తృప్తిపడరాదు. మల్టీమీటరు తీగలలో నొకటి కనెక్టరుకు ఇవతలి ప్లస్ కేబులు లోహమునకు, రెండవది అవతలి ప్లస్ లోహమునకు ఆనించి, మరియొకరిచే స్టార్టరు త్రిప్పించుడు. మీటరు వోల్టులో పదవ వంతుకు మించి చూపరాదు. మైనస్ వైపును అట్లే చూడుడు. నాలుగైదు మారులు స్టార్టు చేసిన పిమ్మట కనెక్టరును తాకి చూడుడు. చేతికి వేడి తెలిసినచో క్రింపింగు సరిగా లేదన్నమాట.

మరువరాని మాటలు

ఇంజను నడచుచుండగా కనెక్టరును లాగరాదు. ఆల్టర్నేటరులో వోల్టేజీ ఒక్కసారిగా పెరిగి రెగ్యులేటరు, మీటర్లు చెడును. స్ప్రేయరు మొదలగు వానికి ఇచటి నుండి వేరు తీగ తీసినచో బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు వేయుడు. కనెక్టరు విడదీసినను బ్యాటరీ తనంతట తాను కొంత దిగుచునే యుండును. నెలకొకసారి కొలిచి, 12.4 వోల్టులకు తగ్గినచో ఛార్జి చేయించుడు. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపును.

గ్రామ అధికారులకు ఒక మనవి. క్రింపింగు పనిముట్టు ప్రతి రైతును కొననక్కరలేదు. ఊరికొకటి యున్న చాలును. దమ్ముల కాలమునకు ఒక నెల ముందుగా ట్రాక్టర్లనన్నిటిని ఒకచోట చేర్చి, పైన చెప్పిన మల్టీమీటరు పరీక్ష చేయించినచో, ఏ అతుకు చెడినదో ఒక్క పూటలో తేలిపోవును. క్రొత్త బ్యాటరీ కొనబోవు రైతు ముందు తన అతుకును కొలిచి చూచుకొనుట మేలు.