పైపు సర్కారుది... పద్దు మనది!

డ్రిప్పు పెడితే నీళ్లు మిగులుతాయంటారు. నిజమే. మరి మిగిలిన ఆ నీళ్లు ఎటు పోతున్నాయి?

బోరు వేస్తారు. నీళ్లు పడవు. అప్పు చేసి ఇంకోటి వేస్తారు. పడితే పంట, పడకపోతే వలస. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏ పల్లెకెళ్లినా వినిపించే కథే ఇది. ఏడాది మొత్తమ్మీద సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటుగా వాన పడే నేల మరి!

అలాంటిచోట కాలవ తీసి నీళ్లు పారిస్తే మొక్కకు అందకముందే చాలావరకు ఇంకిపోతాయి, ఆవిరైపోతాయి. డ్రిప్పులో అలా కాదు. చుక్క చుక్కా వేరు దగ్గరే పడుతుంది. ఎరువునూ ఆ నీళ్లతోనే పంపొచ్చు. చిక్కల్లా ఖర్చుతోనే.

ఆ భారం తగ్గించడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నవంబరులో సూక్ష్మసేద్యం ప్రాజెక్టు మొదలైంది. 2015లో కేంద్రం ప్రధానమంత్రి కృషి సించాయీ యోజన తెచ్చింది. కేంద్రం నిబంధనల ప్రకారం చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, మిగతావారికి 45 శాతం రాయితీ. దానికి ఆంధ్రప్రదేశ్ తన వంతు కలిపి చిన్న రైతులకు 90 శాతం దాకా ఇస్తూ వచ్చింది. వేరుశనగ ఒక్కటే తెలిసిన నేలలో చీనీ, దానిమ్మ, అరటి తోటలు విస్తరించాయి.

మెలిక ఇక్కడే!
నీళ్లు మిగిలాయని రైతు ఇంకో ఎకరం సాగులోకి తెస్తాడు. పక్క రైతూ అంతే. ఇద్దరూ తోడేది భూమి కింద ఉన్న ఒకే నీటిని. ఆదాయం పెరుగుతుంది, నీటిమట్టం మాత్రం పెరగదు. తప్పు రైతుది అనలేం. కింద ఎంత ఉందో చెప్పేవాళ్లుంటే కదా!

ఊరంతా ఒకే లెక్క
ఆ లెక్క రైతులే వేసుకోగలరని ఇక్కడే రుజువైంది. 2000 తర్వాతి దశకంలో అనంతపురంతో సహా 7 కరవు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఓ ప్రాజెక్టు నడిచింది. ఎంత వాన పడిందో, బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో రైతులే కొలిచి రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావాల్సినవెన్ని అని బేరీజు వేసుకున్నారు. ఆంక్షల్లేవు, జరిమానాల్లేవు. లెక్క కళ్లెదుట ఉంటే చాలు... చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలవైపు మళ్లారు.

రాయితీ ఉండాల్సిందే. అది లేకుంటే చిన్న రైతు పొలానికి పైపు రాదు. కానీ పైపుతోపాటే ఊరికో నీటి పద్దూ రావాలి. నెలకు ఎంతొస్తుందో చూసుకోకుండా ఏ ఇల్లూ ఖర్చు పెట్టదు కదా. ఊరైనా అంతే. ముందు జమ, తర్వాతే ఖర్చు!