రెండు బొమ్మల్లో త్రికోణమితి పట్టిక

సంక్రాంతి సెలవులు అయ్యాయంటే పదో తరగతి పిల్లల నోట్సుల చివరి పేజీలన్నీ త్రికోణమితి పట్టికలే. సైన్, కాస్, టాన్ నిలువుగా. 0, 30, 45, 60, 90 అడ్డంగా. పొద్దున్నే వల్లె వేస్తారు. పరీక్ష హాల్లో మాత్రం సైన్ 30 దగ్గరికొచ్చేసరికి 'సగమా, రూట్ 3 బై 2నా' అని పెన్ను కొరుకుతారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పే నాకు ఏటా ఇదే తంతు.

0, 1, 2, 3, 4 రాసుకుని, ఒక్కోదాన్నీ 4తో భాగించి వర్గమూలం తీస్తే సైన్ విలువలు వచ్చేస్తాయని ట్యూషన్లలో ఒక చిట్కా చెబుతారు. తప్పేం లేదు, జవాబు సరిగ్గానే వస్తుంది. ఎందుకొచ్చిందని అడిగితేనే నీళ్లు నములుతారు. అందుకే నేను బొమ్మ గీయిస్తాను.

ఒక్కో భుజం 2 ఉండేలా సమబాహు త్రిభుజం గీయండి. మూడు కోణాలూ 60 డిగ్రీలే. పై శీర్షం నుంచి లంబం దించితే అడుగు భుజం 1, 1గా చీలుతుంది. పై కోణం 30, 30 అవుతుంది. అందులో ఒక సగం తీసుకోండి. కర్ణం 2, అడుగు 1. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 4లోంచి 1 పోతే 3, అంటే నిలువు భుజం రూట్ 3. ఇక పట్టికంతా ఇందులోనే ఉంది. 30కి ఎదురుగా ఉన్నది 1, కాబట్టి సైన్ 30 సగం. 60కి ఎదురుగా ఉన్నది రూట్ 3, కాబట్టి సైన్ 60 రూట్ 3 బై 2. పెద్ద కోణానికి ఎదురుగా పెద్ద భుజమే ఉంటుంది గనక రెండూ తారుమారు కావు. 45 కోసం భుజం 1 ఉన్న చతురస్రాన్ని మూల నుంచి మూలకు కోస్తే చాలు, కర్ణం రూట్ 2.

ఆర్యభటుడు క్రీ.శ. 499లో 24 సైన్ విలువలు రాబట్టుకునేందుకు కావలసిన అంకెలన్నీ ఒకే శ్లోకంలో కుదించి పెట్టాడు. మన పిల్లలకు కావలసినవి ఐదు కోణాలే!

"టాన్ 90 నిర్వచింపబడదు అంటే ఏంటి టీచర్?" అని వెనక బెంచీ అమ్మాయి ఒకతి అడిగింది. జెండా కర్ర నీడ చూడమన్నాను. కర్ర ఎత్తును నీడ పొడవుతో భాగిస్తే వచ్చేదే టాన్. సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికొస్తే నీడే ఉండదు, సున్నాతో భాగించాల్సి వస్తుంది. అలాంటి రోజులు హైదరాబాదులో మే నెలలో ఒకటి, ఆగస్టులో ఒకటి వస్తాయి. నడినెత్తి ఎండలో ఎవరూ బయటికి రారు గానీ, చూడదగ్గదే.

మార్కులు ఎక్కువగా పోయేది నిమ్న కోణం దగ్గర. గోపురం మీద నిలబడి కిందికి చూసే మనిషికి కోణాన్ని గోపురం గోడ నుంచి కొలుస్తారు పిల్లలు. కొలవాల్సింది కంటికి అడ్డంగా గీసిన క్షితిజ రేఖ నుంచి. ఆ గీత ముందే గీయిస్తే, ఏకాంతర కోణాల వల్ల అదే కోణం కింద నేల దగ్గర కూడా దొరుకుతుంది.

లెక్క అయ్యాక ఒకసారి సరిచూడమంటాను. 45 డిగ్రీలకు ఎత్తూ దూరమూ సమానం. 60కి ఎత్తే ఎక్కువ. 20 మీటర్ల దూరంలో నిలబడి చూస్తే స్తంభం పైకొన 60 డిగ్రీల్లో కనిపించిందనుకోండి, ఎత్తు 34.64 మీటర్లు రావాలి. 11.55 అని వచ్చిందంటే గుణించాల్సిన చోట భాగించారన్నమాట.