పంట్లో పరిచిన బండ

పోయిన కార్తీకంలో ఒకరోజు పొద్దున్నే ఉగ్గాని తింటుంటే కింది దవడలో టక్కుమంది. ఉగ్గాని చేసే బొరుగుల్ని వేడి ఇసుకలో వేయిస్తారు కదా, ఎంత నానబెట్టి పిండినా ఒకటో రెండో ఇసుక రాళ్లు వాటి వెంటే వస్తాయి. ఉమ్మి చూస్తే రాయితో పాటు తెల్లటి పెచ్చొకటి కనబడింది. పదకొండేళ్ల కిందట కుడివైపు పిప్పిపన్నుకు పెట్టించుకున్న సిమెంటు.

పంట్లో ఏం నింపినా మా సీమలో దాని పేరు సిమెంటే. ఆ మాటే నా కొంప ముంచిందని తర్వాత తెలిసింది.

నేను పుట్టింది ఎర్రగుంట్ల దగ్గర, నాపరాళ్ల గనుల పక్కన. మా నాయన బండలు పరిచే మేస్త్రి. పరిచిన బండల మీద వారం రోజులు నీళ్లు నిలగట్టకపోతే ఇంటాయనతో జగడానికి దిగేవాడు. సిమెంటంటే నీళ్లు తాగి గట్టిపడేదని నాకు బడికి పోకముందే తెలుసు. అందుకే అప్పట్లో పంటికి సిమెంటు పెడుతుంటే, నోట్లో ఎంగిలి ఊరినా మంచిదేలే అనుకున్నా. డాక్టరు దూది మార్చినప్పుడల్లా నా నాలుక అటే పోయేది. రెండుసార్లు నోరు కూడా మూసేశా.

ఈసారి కర్నూల్లో నన్ను చూసిన డాక్టరమ్మది నా కూతురి వయసు. "సిమెంటు పగిలిందమ్మా" అన్నా. "ఇది సిమెంటు కాదు సార్. గాజు పొడి కలిపిన ప్లాస్టిక్. దీనికి నీళ్లంటే పడదు" అంది.

అరవై దాటినాక, ఇన్నేళ్లు నమ్మింది తలకిందులయిందంటే కుర్చీలో పడుకుని వినడం కన్నా చేసేదేముంది?

దాని అసలు పేరు కాంపోజిట్. అంటే కలగలుపు. అందులో జిగురులాంటి రెజిన్ ఒకటి, గాజూ సిలికా మెత్తగా నూరిన పొడి ఇంకొకటి. తూకంలో చూస్తే చాలా రకాల్లో నాలుగింట మూడొంతులు పొడే. ఆ రెజిన్‌ను తయారుచేసి 1962లో పేటెంటు పొందినవాడు అమెరికాకు చెందిన రాఫెల్ బోవెన్. కాంక్రీటులో కంకర చేసే పనే ఇక్కడ పొడి చేస్తుంది. బరువు మోసేది అది, పట్టి ఉంచేది రెజిన్. మొదటి రోజుల్లో పొడి రేణువులు పెద్దవిగా ఉండేవి. నమిలేకొద్దీ రెజిన్ అరిగిపోయి రేణువులు పైకి తేలేవి, పాత సిమెంటు రోడ్డు మీద కంకర తేలినట్టు. ఇప్పటి రకాల్లో సగటు రేణువు మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్నది. అందుకే నునుపూ నిలుస్తుంది, అరుగుదలా తగ్గింది.

గట్టిపడేది నీళ్లతో కాదు, వెలుతురుతో. డాక్టరమ్మ చేతిలో నీలం రంగు లైటు చూశారా, దాని కాంతి తగలగానే రెజిన్ అణువులు ఒకదానికొకటి కొక్కేలు వేసుకుంటాయి. అయితే ఆ కాంతి లోతుకు పోలేదు. అందుకని మామూలు రకాలను సుమారు 2 మిల్లీమీటర్ల మందాన పొర పెట్టి, లైటు కొట్టి, ఆ మీద ఇంకో పొర పెడతారు. ఒకేసారి గుంటంతా నింపి లైటు కొడితే పైన రాయి, అడుగున మైనం.

ఇంకో చిక్కు ఉంది. గట్టిపడేటప్పుడు ఇది కుంచించుకుపోతుంది. ఘనపరిమాణంలో నూటికి రెండు మూడు వంతులు. వినడానికి తక్కువే. కానీ గుంట గోడలకు అతుక్కుని ఉన్నది కుంచించుకుంటే అన్ని గోడల్నీ లోపలికి లాగుతుంది. అతుకు బలంగా లేని చోట వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. ఆ సందులోకి ఎంగిలి, ఎంగిలి వెంట సూక్ష్మజీవులు.

మా నాయన ఒక మాట అనేవాడు: "బండ నడిమిన చావదురా, అంచున చస్తాది." పంట్లోనూ అంతేనట. కాంపోజిట్ పాడయ్యే కారణాల్లో రెండు ముఖ్యం. ఒకటి అంచు పక్కన మళ్లీ పుచ్చడం, రెండోది పగలడం. నా పాత సిమెంటు తీసినప్పుడు డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి చూపించింది. నాలుక వైపు అంచు వెంబడి గోధుమరంగు గీత. పదకొండేళ్ల కిందట నా నాలుక పోయిన చోటే. లోపల పుచ్చు మొదలై, కింద ఆసరా లేని అంచు ఎన్నాళ్ల నుంచో గాల్లో ఉంది. ఇసుక రాయి మీద నేను నేరం మోపాను గానీ, అది చివరి దెబ్బ మాత్రమే.

ఆ అతుకు కథ కాంపోజిట్ కన్నా పాతది. 1955లో మైకేల్ బ్యూనకోర్ అనే అమెరికా దంత వైద్యుడు, లోహానికి రంగు పట్టడానికి ఫాస్ఫోరిక్ ఆమ్లం పూస్తారని గమనించి, అదే పని పంటి మీద చేశాడు. ఆమ్లం తగిలిన ఎనామెల్ మీద కంటికి కనిపించని గుంటలు పడతాయి. పల్చటి రెజిన్ వాటిలోకి దిగి వేళ్లూనుకుంటుంది. బండ అడుగు గరుకుగా ఉంటేనే సిమెంటు పాలు పట్టేది, దుమ్మున్నా నూనె ఉన్నా పట్టదు. ఎంగిలి పడిన ఎనామెల్ కూడా నూనె పడిన బండలాంటిదే. ఎనామెల్ కింద ఉండే డెంటిన్‌ది ఇంకో తంతు. అది పుట్టుకతోనే తేమగా ఉంటుంది కాబట్టి అక్కడి అతుకు ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడుతుంది.

మన జిల్లాల్లో ఈ అతుకుకు ఇంకో పరీక్ష ఉంది, ఫ్లోరైడు. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదని మన ప్రమాణం. సీమలో చాలా బోర్లు ఆ గీత దాటాయి. మన దేశంలో ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బును 1937లో షార్ట్ అనే పరిశోధకుడూ ఆయన తోటివాళ్లూ బయటపెట్టింది కూడా పక్కనున్న అప్పటి నెల్లూరు జిల్లాలోనే. మా చిన్నక్క కొడుక్కి ముందరి పళ్ల మీద పసుపు చారలు. పెళ్లిచూపులప్పుడు వాటిని కాంపోజిట్‌తో కప్పించుకుంటే ఏడాదికే ఒకటి ఊడింది. ఫ్లోరైడు ఎక్కువైన ఎనామెల్ పైపొర ఆమ్లానికి ఒక పట్టాన లొంగదని డాక్టరమ్మ చెప్పింది. ఆ పొరను కాస్త గీకాలి, లేదా ఆమ్లాన్ని ఎక్కువసేపు ఉంచాలి.

మా ఎండల సంగతీ అడిగా. వేడికి కాంపోజిట్ పంటికన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ సాగుతుందట. వేడి టీ మీద ఐసు నీళ్లు తాగితే అంచు దగ్గర రోజూ ఒక చిన్న గుంజులాట. మేలో మిద్దె మీద బండలు పేలడం చూసినవాడికి ఇంతకుమించి చెప్పక్కర్లేదు.

గట్టిదనం గురించి ఒక వింత. గీతకు తట్టుకునే లెక్కలో మా కడప బండ 3, పంటి ఎనామెల్ 5, ఇసుక రాయి 7. అంటే నా పన్ను మా ఊరి బండకన్నా గట్టిది, బొరుగుల్లోని ఇసుకకు మాత్రం లోకువ.

ఎన్నేళ్లు ఉంటుంది? దవడ పళ్ల కాంపోజిట్ల మీద 12 అధ్యయనాలను కలిపి 2014లో లెక్క కట్టారు. పదేళ్ల వరకు చూస్తే ఏటా 100కు 2.4 చొప్పున పాడయ్యాయి. పదేళ్ల తర్వాత నాలుగింట మూడొంతులకు పైగా నిలిచే ఉన్నాయన్నమాట. మాటిమాటికీ పళ్లు పుచ్చేవాళ్ల నోట్లో తొందరగా పోతాయి, పుచ్చనివాళ్ల నోట్లో చాలా ఏళ్లు ఉంటాయి. పాతకాలపు వెండి సిమెంటు తడికి ఇంత బెదరదు, నిజమే. కానీ అందులో పాదరసం ఉంది. దాని వాడకం తగ్గించాలని 2013 నాటి మినమాటా ఒప్పందంలోనే రాసుకున్నారు. ఇక కాంపోజిట్‌నే సరిగ్గా పెట్టడం నేర్చుకోవాలి. అది నేర్పడానికి కడపలో ప్రభుత్వ దంత కళాశాల ఉంది. కర్నూల్లో ఉన్నదేమో నేతి మిఠాయిల పుల్లారెడ్డి గారి పేరున! ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

ఈసారి డాక్టరమ్మ పంటి చుట్టూ రబ్బరు షీటు బిగించింది. నాలుక దాని వెనక బందీ. నలభై నిమిషాలు నోరు తెరుచుకుని, మాట్లాడే వీల్లేకుండా పడుకున్నా. బడిపంతులుగా ముప్పై ఏళ్లలో అంతసేపు నేను మాట్లాడకుండా ఉన్నది లేదు.

షీటు తీయగానే అడిగా, "ఎన్ని రోజులు తడపాలమ్మా?"

నవ్వింది. "మొద్దుబారింది పోయినాక తినొచ్చు సార్. ఉగ్గాని మాత్రం చూసుకుని తినండి."

ఇంటికి పోయేసరికి మా ఆవిడ వాకిట్లో కూర్చుని బొరుగుల్ని జల్లెడ పడుతోంది.