ఫ్లీస్‌హోల్డ్

ఇంగ్లండు దేశమున ఇంటిని, అది నిలిచిన నేలను సంపూర్ణ స్వామ్యముతో పొందుటను ఫ్రీహోల్డ్ అందురు. ఆ పేరుతోనే గృహమును కొని, కౌన్సిల్ పన్ను యథావిధిగా చెల్లించుచున్నను, ఇంటి ముందరి వీధికిని, దీపస్తంభములకును, పిల్లలాడుకొను పచ్చికబయలునకును వేరుగా ఒక ప్రైవేటు సంస్థకు ఏటేట రుసుము కట్టవలసివచ్చినవారి దుఃస్థితినుండి పుట్టినదే ‘ఫ్లీస్‌హోల్డ్’ అను పదము. గొఱ్ఱె ఉన్ని కత్తిరించుట ‘ఫ్లీస్’. మాయచేసి సొమ్ము గుంజుటకును ఆ భాషలో అదే మాట.

1980 నాటి రహదారుల చట్టములోని 38వ సెక్షను ననుసరించి నిర్మాతయు కౌన్సిలును ఒడంబడిక చేసికొన్నచో, నిర్ణీత ప్రమాణములతో వేసిన వీధులను కౌన్సిలు తన పోషణలోనికి స్వీకరించును. దీనినే ‘అడాప్షన్’, అనగా దత్తత, అందురు. అయితే ఆ ఒడంబడిక నిర్బంధము కాదు; అది లేనిచో పోషణభారము ఇంటివారిపై రుసుముగా పడును. 11 పెద్ద నిర్మాణ సంస్థలు 2021-22లో అమ్మిన కొత్త ఇండ్లలో నూటికి 80 ఇట్టి రుసుములకు లోబడినవేనని అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో తేల్చెను.

రుసుము రెంట్‌ఛార్జిగా, అనగా ఆస్తిపై నిలిచిన చెల్లింపు భారముగా, దస్తావేజున కెక్కి, అందు వేరు నిబంధన లేనిచో, 40 దినముల బకాయికే ఇంటిని స్వాధీనపఱచుకొను నధికారమును 1925 నాటి ఆస్తి చట్టము ఇచ్చుచున్నది. ఇది ఘోరమైన అన్యాయము. అక్కడ ఇల్లు కొనదలచిన మన తెలుగువారు, వీధిని కౌన్సిలు దత్తత గొన్నదో లేదో సంతకమునకు ముందే న్యాయవాదిచేత విచారింపజేయవలెను.