వెనుక బండికి విద్యుత్తు అందుచున్నదా?

అమెరికా, కెనడా దేశములలో సెలవులు వచ్చినవనగా అనేక కుటుంబములు మోటారు వెనుక ఒక చిన్న ఇంటినే తగిలించుకొని ప్రయాణమగును. పడకలు, పొయ్యి, రిఫ్రిజిరేటరు, నీటి పంపు సమస్తమును అందులోనే ఉండును. దీనిని ట్రావెల్ ట్రైలరు అందురు. అందలి దీపములకు, పంపునకు, చలిరాత్రులలో వేడిగాలి వీచు పంకాకు ఆధారము 12 వోల్టుల బ్యాటరీ. ముందున్న మోటారులోని ఆల్టర్నేటరు పుట్టించు విద్యుత్తులో కొంత భాగము ఏడు పిన్నుల ప్లగ్గు ద్వారా వెనుకకు వచ్చి ఈ బ్యాటరీని నింపవలెను. కాని పగలంతయు ప్రయాణము చేసి విడిది చేరునప్పటికి బ్యాటరీ నిండకపోగా, ఉన్నదియు తరిగియుండుట పలువురకు అనుభవము.

ఇది దీపము వెలుగని చిక్కు మాత్రమే కాదు. దారిలో ట్రైలరు తెగిపోయినచో, తాడుతో కట్టిన చిన్న పిన్ను ఊడివచ్చి, దాని విద్యుత్ బ్రేకులు తమంతట తామే పట్టుకొనును. ఆ క్షణమున బ్రేకులకు బలమిచ్చునది ఈ బ్యాటరీయే. అది వట్టిపోయినచో టన్నుల బరువుగల బండికి ఇక పట్టు లేదు.

లోపము వెదకువారు సాధారణముగ మీటరును సాకెట్టులో పెట్టి, పండ్రెండు వోల్టులకు పైగా చూపగానే తృప్తిపడుదురు. అది చాలదు. పిల్లకాలువ చివరి తూము మూసియున్నంతసేపు నీటిమట్టము అంతటను సమముగనే కనిపించును. తెరచి పారించినప్పుడే పూడిక బయటపడును. విద్యుత్తును కూడ పారించి చూడవలెను.

ఒక లెక్క చూడుడు. అమెరికా కొలతలో 14వ నంబరు రాగి తీగకు వేయి అడుగులకు సుమారు 2.5 ఓముల నిరోధముండును. పోను నలుబది, రాను నలుబది, వెరసి 80 అడుగులకు 0.2 ఓము. అందులో 10 ఆంపియర్లు పారినచో 2 వోల్టులు దారిలోనే హరించును. ఆల్టర్నేటరు వద్ద 14 వోల్టులున్నను చివరకు చేరునవి 12 మాత్రమే. సీసపు బ్యాటరీ చక్కగ నిండుటకు 14కు పైబడి కావలెను. కావున ప్రవాహము సన్నగిలి, బ్యాటరీ ఎంతకును నిండదు. లావైన 10వ నంబరు తీగయైనచో నష్టము 0.8 వోల్టు మాత్రమే.

పరీక్షాక్రమము ఇది. మొదట ప్లగ్గు తీసి, దీపములార్పి, కొన్ని గంటలు విశ్రమించిన బ్యాటరీని కొలువవలెను. నిండినదైనచో సుమారు 12.6 వోల్టులు చూపును. 12కు దిగినదనగా చాలవరకు ఖాళీయైనది. పిమ్మట ప్లగ్గు తగిలించి, ఇంజను నడపి, ట్రైలరు దీపములు వెలిగించి మరల కొలువవలెను. అంకె స్పష్టముగ పెరిగినచో దారి తెరచియున్నది. పెరగనిచో మోటారు సాకెట్టులోని ఛార్జింగు పిన్నునకును ఎర్తు పిన్నునకును నడుమ ఒక హెడ్‌లైటు బల్బును తగిలింపుడు. అది ప్రకాశవంతముగ వెలిగినచో లోపము వెనుక బండిలో ఉన్నది. మసకబారినను, వెలుగకున్నను ముందు బండిలో.

ముందు బండిలో ఫ్యూజును, రిలేను చూడవలెను. కొన్ని మోటారులలో వీనిని కొన్నవారే అమర్చుకొనవలసియుండును. కాలిపోయిన ఫ్యూజునకు బదులు పెద్దది వేయరాదు, తీగ అంటుకొనును. వెనుక బండిలో పిన్నులకు పట్టిన చిలుమును, వదులైన ఎర్తు తీగను, బ్యాటరీ సమీపమున గల బ్రేకరును పరీక్షింపవలెను. గ్రీజు పూసిన కొక్కెపు గుండు విద్యుత్తు తిరిగివచ్చుటకు నమ్మదగిన దారి కాదు. రిఫ్రిజిరేటరును 12 వోల్టులపై నడపినచో అదియే 10 ఆంపియర్లకు మించి త్రాగివేయవచ్చును. ప్రయాణమున దానిని ఆపివేయుట మేలు.

తీగలన్నియు బాగుండియు బ్యాటరీ నిండనిచో మోటారు స్వభావమే కారణము కావచ్చును. ఇంధనము ఆదా చేయుటకై కొత్త మోటారులలో కొన్ని, తమ బ్యాటరీ నిండినంతనే ఆల్టర్నేటరు వోల్టేజిని తగ్గించుకొనును. అట్టివానికి డీసీ-టు-డీసీ ఛార్జరను సాధనము కలదు. వచ్చిన తక్కువ వోల్టేజిని బ్యాటరీకి కావలసినంతకు పెంచి అందించును. లిథియం బ్యాటరీలకు సైతము ఇదియే తగినది.

అమెరికాలోని మనవారు ఇట్టి బండిని కొన్నను, అద్దెకు తీసికొన్నను, బయలుదేరుటకు ముందు ఈ పరీక్షకు ఒక అరగంట కేటాయింతురు గాక. కనుమదారిలో కలుగు ఆపదను ఇంటి వాకిటనే కనుగొనుట సులభము.