కరువుసీమలో ప్రజ్ఞా కరుణలు

గుత్తి నుంచి పత్తికొండ వైపు వెళ్లే దారిలో, అనంతపురం జిల్లా ముగిసి కర్నూలు జిల్లా మొదలయ్యే మెట్ట ప్రాంతంలో, ఎర్రగుడి సమీపంలోని బండల మీద మౌర్య చక్రవర్తి అశోకుడు క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో చెక్కించిన శాసనాలు నేటికీ నిలిచి ఉన్నాయి. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటిని గుర్తించాడు. పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ, వాటితోపాటు లఘు శిలాశాసనాలూ ఒకేచోట కనిపించే అరుదైన స్థలమిది. లఘు శాసనంలో అశోకుడు తనను ఉపాసకుడిగా, అంటే బుద్ధుణ్ణీ ధర్మాన్నీ సంఘాన్నీ శరణు పొంది కూడా సంసారంలోనే ఉండి తన బాధ్యతలు నిర్వర్తించే గృహస్థుగా చెప్పుకున్నాడు. ధర్మాచరణ వల్ల కలిగే ఫలం గొప్పవారికే దక్కేది కాదనీ, పట్టుదల ఉంటే సామాన్యుడికీ అందుతుందనీ ఆ శాసనం తెలియజేస్తుంది. నిర్వాణం గురించి గాని, ధ్యాన మార్గాల గురించి గాని ఈ బండల మీద చర్చ లేదు. తల్లిదండ్రుల మాట వినడం, ప్రాణుల పట్ల దయ చూపడం, సత్యం పలకడం, సేవకులను సరిగా చూసుకోవడం వంటి నిత్యజీవిత విషయాలే వీటిలో ప్రధానం. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయడం, మూలికలు లేనిచోట వాటిని నాటించడం, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెంచడం రెండవ ప్రధాన శాసనంలోని విషయాలు.

బావి తవ్వించడం ధర్మకార్యంగా చెక్కిన ఈ నేల ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే నేల కావడం గమనించదగిన విషయం. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమలు అడ్డు నిలవడం, ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడడం వల్ల అనంతపురం పీఠభూమి రెండు వైపులా నష్టపోతోంది. అందుచేత బౌద్ధం బోధించిన ప్రజ్ఞ, కరుణ అనే రెండు గుణాలను గృహస్థు తన జీవితంలో ఎలా పాటించాలన్న ప్రశ్నకు ఇక్కడ నీటి చుట్టూ జరిగే వ్యవహారాలలో వెదికితే తగిన సమాధానం దొరుకుతుంది.

ప్రజ్ఞ అంటే పాండిత్యం కాదు. వస్తువులను, సంబంధాలను ఉన్నవి ఉన్నట్టు చూడగలగడం. ఏ వస్తువూ తనంతట తానుగా నిలవదనీ, ప్రతిదీ మరికొన్ని కారణాల మీద ఆధారపడి పుడుతుందనీ, ఆ కారణాలు తొలగితే తానూ తొలగిపోతుందనీ చెప్పే ప్రతీత్యసముత్పాద సిద్ధాంతం ఈ చూపుకు మూలం. కరుణ అంటే ఇతరుల దుఃఖం తొలగాలన్న కోరిక, ఆ కోరికకు తగిన క్రియ. ఈ రెండూ విడివిడిగా సరిపోవని బౌద్ధాచార్యులు పదేపదే చెప్పారు; ప్రజ్ఞ లేని కరుణ దారి తప్పుతుంది, కరుణ లేని ప్రజ్ఞ ఎవరికీ ఉపయోగపడదు. అనంతపురం భూగర్భజలం ఈ మాటకు ప్రత్యక్ష నిదర్శనం. ఇక్కడ నేల అడుగున ఉన్నది గట్టి రాతి పొర. నీరు ఆ రాతి పగుళ్లలోనూ, పైనున్న శిథిల శిలల్లోనూ మాత్రమే నిలుస్తుంది. ఒక రైతు అప్పు చేసి లోతుగా బోరు వేస్తే పక్క చేనిలోని బోరు ఎండిపోవచ్చు. పక్క రైతు మరింత లోతుకు వెళితే మొదటివాడి బోరూ ఎండవచ్చు. పట్టా మీద సరిహద్దులున్నా నేల కింది నీటికి అవి లేవు. ఈ నిజాన్ని గుర్తించడమే ప్రజ్ఞకు తొలి మెట్టు, ఎందుకంటే పొరుగువాడి నష్టం తన నష్టమేనని తెలిసిన తరువాత కరుణ బయటినుంచి తెచ్చుకోవలసిన సుగుణంగా ఉండదు.

నీటి కోసం జరిగే తగవు బుద్ధుడి కాలానికీ కొత్త కాదు. శాక్యులు, కోలియులు రోహిణీ నది నీటితో పొలాలు తడుపుకునేవారు. ఒక ఎండాకాలం నీరు తగ్గి, ఉన్నది రెండు వైపుల పంటకూ చాలదని తేలినప్పుడు మాటా మాటా పెరిగి రెండు వంశాలూ ఆయుధాలు పట్టాయని పాలి వ్యాఖ్యాన గ్రంథాలు చెబుతాయి. బుద్ధుడు అక్కడికి వెళ్లి, నీటి విలువ ఎక్కువా, మనుషుల రక్తం విలువ ఎక్కువా అని అడిగి పోరు ఆపాడని వాటి కథనం. తన వంశమే ఒక పక్షంగా ఉన్న తగవులో ఆయన ఏ పక్షానా నిలవలేదన్నది ఇక్కడ ముఖ్యం. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు బ్రహ్మవిహారాలలో చివరిదైన ఉపేక్షను చాలామంది పట్టించుకోకపోవడంగా అర్థం చేసుకుంటారు. నిజానికది తన, పర భేదం లేకుండా సమంగా చూడగల మనఃస్థితి. కాలువ నీటి వంతుల విషయంలోనో, చెరువు తూము దగ్గరో పెద్దమనిషిగా నిలిచేవారికి ఇంతకంటే అవసరమైన గుణం మరొకటి ఉండదు.

2003 ప్రాంతంలో మొదలై అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకాన్ని ఈ దృష్టితో పరిశీలించవచ్చు. అందులో రైతులే వానను కొలిచి, బోర్లలో నీటిమట్టాన్ని చూసి, ఊరికి ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్కగట్టేవారు. దానికి పంట-నీటి బడ్జెట్ అని పేరు. బోరు ఎక్కడ వేయాలో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చూపించేవారిని నమ్మి ఇల్లు గుల్ల చేసుకున్న కుటుంబాలున్న సీమలో, సొంత కళ్లతో కొలిచి చూసిన లెక్క మీద నిర్ణయం తీసుకోవడం చిన్న మార్పు కాదు. జిల్లాలోని కొన్ని గ్రామాల రైతులు మరో అడుగు ముందుకేసి, తమ బోర్లను గొట్టాలతో కలిపి, బోరు లేని పొరుగు రైతు శెనక్కాయ చేనుకు కూడా బెట్ట సమయంలో ఒకటి రెండు తడులు అందేలా ఒప్పందం చేసుకున్నారు. కొత్త బోర్లు వేయబోమన్న నియమం కూడా ఆ ఒప్పందంలో ఉంటుంది. ఈ రైతులు తమను బౌద్ధులుగా చెప్పుకోరు. అయినా నీటి పరిమితిని తెలుసుకోవడం, తెలుసుకున్నదాని ప్రకారం తన వాటాను తగ్గించుకోవడం అనే రెండు పనులూ ఒకేచోట జరిగాయి కనుక బౌద్ధ దృష్టిలో ఇది నిస్సందేహంగా ధర్మాచరణ.

డాక్టర్ అంబేడ్కర్ 1956 మే నెలలో బి.బి.సి. రేడియో ప్రసంగంలో తాను బౌద్ధాన్ని ఎందుకు ఇష్టపడుతున్నాడో వివరిస్తూ, మూఢనమ్మకానికి విరుగుడైన ప్రజ్ఞ, ప్రేమరూపమైన కరుణ, వీటికి తోడు సమత, ఈ మూడింటినీ కలిపి బోధించినది బౌద్ధమేనని చెప్పాడు. మూడవదాన్ని చేర్చడంలోనే ఆయన చూపు లోతు తెలుస్తుంది. 1927 మార్చిలో మహాడ్‌లోని చౌదార్ చెరువు నీటిని వేలాది దళితులతో కలిసి తాగిన మనిషికి, సమత లేని కరుణ పై నుంచి కింద పడే భిక్షగా మిగులుతుందని తెలుసు. ఊరి బావి నుంచి కొందరిని దూరంగా ఉంచిన చరిత్ర రాయలసీమ పల్లెలకూ ఉంది. కరువులో చలివేంద్రం పెట్టడం పుణ్యమే. నీరు లేని దారుల్లో నీటి కుండలు ఉంచాలని ఆచార్య నాగార్జునుడు రత్నావళిలో రాజుకు సూచించాడు కూడా. కానీ ఆ కుండ దగ్గర అందరికీ ఒకే చెంబు ఉన్నదా అన్న ప్రశ్న వేసుకోనంత వరకు ఆ పుణ్యం సగమే. బౌద్ధాంధ్రలో ఈ దానాలు రాజులకే పరిమితం కాలేదన్నది కూడా గుర్తుంచుకోదగినది. 3వ శతాబ్దంలో నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక చేయించిన నిర్మాణాల జాబితాలో ఒక చెరువు ఉంది.

గృహస్థుకు డబ్బు విషయంలోనూ బుద్ధుడు స్పష్టంగా బోధించాడు. దీఘనికాయంలోని సిగాలోవాద సూత్రం ఆదాయాన్ని నాలుగు భాగాలు చేసి, ఒకటి అనుభవానికి, రెండు వృత్తికి వినియోగించి, నాలుగవదాన్ని ఆపద కోసం దాచమంటుంది. దీఘజాణు అనే కోలియుడు, భార్యాబిడ్డలతో బతికే తమవంటివారికి తగిన ధర్మం చెప్పమని అడిగినప్పుడు, కష్టపడి పనిచేయడం, సంపాదించినదాన్ని కాపాడుకోవడం, మంచి స్నేహితులతో మెలగడం, రాబడికి తగిన ఖర్చుతో బతకడం అని నాలుగింటిని ఆయన సూచించాడు. అయిదు వానాకాలాల్లో రెండు మూడు పంట చేతికందించని సీమలో ఈ నాలుగవ భాగాన్ని దాచడం ఒంటరి కుటుంబానికి దాదాపు అసాధ్యం. పొదుపు సంఘాల మహిళలు కలిసి దాచి, కలిసి అప్పు తీసుకుని, ఒకరికొకరు హామీగా నిలిచి దాన్ని సాధ్యం చేస్తున్నారు. కల్యాణమిత్రత, అంటే మేలు కోరే స్నేహం, అప్పుల బరువుతో కుంగిపోయిన రైతు పక్కన ఎవరో ఒకరు కూర్చుని లెక్కలు చూసి ధైర్యం చెప్పడంగా కూడా ఇక్కడ అర్థమవుతుంది. ఆ ఒక్క మనిషి లేకపోవడం వల్ల ఈ సీమ పోగొట్టుకున్న ప్రాణాలు చాలా ఉన్నాయి.

ధాత కరువుగా జనం చెప్పుకునే 1876-78 నాటి క్షామం, 1950ల మొదట్లో వచ్చిన కరువులో తెరిచిన గంజి కేంద్రాలు తెలిసినవారికి, ధమ్మపద వ్యాఖ్యానంలోని ఆళవి పట్టణ వృత్తాంతంలోని భావం వేరుగా వివరించనక్కరలేదు. ఎద్దు తప్పిపోతే వెతికి వెతికి ఆకలితో సభకు ఆలస్యంగా వచ్చిన ఒక పేద రైతుకు ముందు అన్నం పెట్టించి, ఆ తరువాతే బుద్ధుడు బోధ మొదలుపెట్టాడు. భిక్షువులు గొణిగితే, ఆకలికి మించిన రోగం లేదని వివరించాడు. కూటదంత సూత్రంలో పురోహితుడు రాజుకు ఇచ్చే సలహా కూడా ఇదే దారిలోది: దొంగలను శిక్షించడం కంటే సాగుదారులకు విత్తనం, పశుపాలకులకు మేత, వర్తకులకు పెట్టుబడి, కొలువులో ఉన్నవారికి వేతనం ఇవ్వడం మేలని. కరువు ఏడాదిలో రాయితీ విత్తనం, పశుగ్రాస శిబిరం ఎంత ముఖ్యమో అనంతపురం రైతుకు తెలుసు.

నీటి లెక్కలూ బోర్ల ఒప్పందాలూ ఇంకా చేరని ఒక వర్గం ఉంది. భూమి లేని కూలీలకు నీటి బడ్జెట్‌లో వాటా లేదు. తడి అందిన చేనులో వారికి దక్కేది కూలి మాత్రమే, పంట పోతే అదీ లేక బెంగళూరు బస్సు ఎక్కవలసి వస్తోంది. సిగాలోవాద సూత్రం గృహస్థు చుట్టూ ఉన్న సంబంధాలను ఆరు దిక్కులుగా చెబుతూ, కింది దిక్కుగా పనివారిని పేర్కొని, శక్తికి తగిన పని, తగిన తిండీ జీతమూ, జబ్బు చేసినప్పుడు సంరక్షణ, విశేషమైన వంటకంలో వాటా, సమయానికి సెలవు అనే అయిదు బాధ్యతలను యజమాని మీద ఉంచింది. గ్రామ నీటి సంఘం తన ఒప్పందంలో కూలి దినాలకూ, కూలీల ఇళ్ల తాగునీటికీ, వారి మేకలూ గొర్రెలూ తాగే తొట్టికీ చోటు కల్పించిన నాడే ఆ కింది దిక్కు కూడా లెక్కలోకి వస్తుంది.